సలహా నుంచి ఆజ్ఞకు: అరబ్ రాచరికాల్లో మారిన పాలనా తీరు

2017 జూన్ 21న సౌదీ అరేబియా టెలివిజన్ ఒక చిన్న దృశ్యాన్ని ప్రసారం చేసింది. ఆ రోజే యువరాజ పదవి కోల్పోయిన మొహమ్మద్ బిన్ నాయెఫ్ ముందు, ఆ స్థానంలోకి వచ్చిన 31 ఏళ్ల మొహమ్మద్ బిన్ సల్మాన్ వంగి, చేతిని ముద్దాడి, మోకాలు నేలకు ఆనించారు. పెద్దాయన రెండు ముక్కల్లో విధేయత ప్రకటించి పక్కకు తప్పుకున్నారు. మర్యాదకు ఎక్కడా లోటు లేదు. వయసులో చిన్నవాడు పెద్దవాడిని గౌరవించాడు, పెద్దవాడు పరంపరగా వస్తున్న విధేయతా ప్రమాణాన్ని, అంటే బైఅత్‌ను, చిన్నవాడికి ఇచ్చాడు. మూడేళ్లు తిరక్కముందే, 2020 మార్చిలో, ఆ పెద్దాయనను నిర్బంధంలోకి తీసుకున్నారు.

ఇదే వంశంలో 53 ఏళ్ల ముందు జరిగిన అధికార మార్పిడిని దీని పక్కన పెట్టి చూడాలి. రాజు సౌద్‌ను గద్దె దించడానికి కుటుంబానికి ఆరేళ్లు పట్టింది. 1958లో ఖజానా ఖాళీ అయ్యే స్థితి వచ్చినప్పుడు అన్నదమ్ములు ఆయన అధికారాల్లో చాలావాటిని తమ్ముడు ఫైసల్‌కు ఇప్పించారు. 1960 చివర్లో సౌద్ వాటిని తిరిగి తీసుకున్నారు. 1962లో పొరుగున ఉన్న యెమెన్‌లో ఇమామ్ పాలన కూలిపోగానే, మంట తమ ఇంటికీ అంటుకుంటుందని భయపడిన రాకుమారులు మళ్లీ ఫైసల్ వైపు మొగ్గారు. 1964 మార్చిలో మతపండితులైన ఉలేమా ఒక ఫత్వా ద్వారా పాలనాధికారాన్ని ఫైసల్‌కు బదలాయించారు. చివరికి ఆ ఏడాది నవంబరు 2న, రాకుమారులూ ఉలేమా కలిసి తీసుకున్న నిర్ణయంతో, ఫైసల్ రాజయ్యారు. సౌద్ దేశం విడిచి వెళ్లారు. ఎన్నోసార్లు కూర్చుని మాట్లాడుకుని, ఎంతోమందిని ఒప్పించిన తర్వాత మాత్రమే ఒక రాజును మార్చగలిగిన వ్యవస్థ అది. 2017లో ఆ పని రాజు సంతకంతో వెలువడిన ఒక్క ఉత్తర్వుతో జరిగింది. వారసత్వం తేల్చడానికి 2006లో ఏర్పాటైన విధేయతా మండలిలో 34 మందికి 31 మంది సరేనన్నారని ప్రకటించారు.

బైఅత్, చేతి ముద్దు, ఉలేమా ఆశీస్సు, కుటుంబ సమ్మతి: ఈ రూపాలన్నీ నేటికీ చెక్కుచెదరలేదు. వాటి లోపలి అధికార స్వభావం మాత్రం రెండు మూడు దశాబ్దాల్లో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. అరబ్ ప్రపంచంలో నేడు మిగిలిన రాచరికాలు ఎనిమిది: సౌదీ అరేబియా, కువైట్, బహ్రెయిన్, ఖతార్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒమన్, జోర్డాన్, మొరాకో. ఈజిప్టు రాజు 1952లో, ఇరాక్ రాజు 1958లో, యెమెన్ ఇమామ్ 1962లో, లిబియా రాజు 1969లో సైన్యం చేతుల్లో అధికారం కోల్పోయారు. మిగిలిన వాళ్లకూ అదే గతి పడుతుందని అప్పట్లో పరిశీలకులు చాలామంది అనుకున్నారు. ఆధునికీకరణకు అధికారాన్ని ఒకచోటికి చేర్చాలి, చేర్చిన అధికారాన్ని కొత్తగా చదువుకున్న వర్గాలతో పంచుకోవాలి, పంచుకుంటే రాజు మిగలడు, పంచుకోకపోతే తిరుగుబాటు తప్పదు అన్నది వాళ్ల తర్కం. ఆ జోస్యం ఫలించకపోవడంతో చర్చంతా ‘ఈ రాజులు ఎలా నిలిచారు’ అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, వాళ్లు నిలబడే క్రమంలో ఏమై నిలబడ్డారన్నది.

పాత తీరును మొదట సరిగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే దాన్ని నిరంకుశత్వం అని ఒక్క మాటలో కొట్టేసినా, ఎడారి ప్రజాస్వామ్యం అని పొగిడినా కొత్తగా వచ్చిన మార్పు కనబడదు. మధ్య అరేబియాలో పాలకుడు ప్రధానంగా మధ్యవర్తి. తెగల మధ్య తగవులు తీర్చేవాడు, యుద్ధంలో దొరికినదాన్ని పంచేవాడు, పంచడంలో తేడా వస్తే తెగ మొత్తాన్ని పోగొట్టుకునేవాడు. ఆయన రోజూ కొలువుతీరే మజ్లిస్‌లో సాధారణ మనిషి కూడా వచ్చి, ఎదురుగా నిలబడి, అర్జీ చెప్పుకోవచ్చు. షూరా, అంటే సంప్రదింపు, ధర్మంగా ఉండేది. పాలకుడు ఆ సలహాను పాటించాలన్న నియమం లేదు గాని, అసలు అడగకపోతే అది తప్పుగా నిలిచేది. బైఅత్ కూడా రెండు వైపుల ఒప్పందంగానే పుట్టింది: మీరు న్యాయంగా పాలిస్తే మేము విధేయంగా ఉంటాం. ఓట్లు లేవు, హక్కుల పత్రం లేదు, స్త్రీలకూ బానిసలకూ ఆ కొలువులో చోటు లేదు. అయినా పాలకుడి చుట్టూ, ఆయన దాటడానికి జంకే గీతలు కొన్ని ఉండేవి.

గల్ఫ్ తీరంలో ఆ గీతలను గీసినవాళ్లు వర్తకులు. కువైట్‌లో సబా వంశం చేతికి పాలన వచ్చినా డబ్బు మాత్రం ముత్యాల వర్తకులదే, పడవలూ వాళ్లవే. 1910లో షేక్ ముబారక్ పన్నుల భారం పెంచినప్పుడు పేరున్న వర్తకులు కొందరు బహ్రెయిన్‌కు తరలిపోయారు. వాళ్లు లేకపోతే ఊరే లేదు కాబట్టి ముబారక్ దిగివచ్చి వాళ్లను బతిమాలి వెనక్కి రప్పించుకోవలసి వచ్చింది. పన్ను కట్టేవాడు లేచి వెళ్లిపోగలిగినప్పుడు పాలకుడు ఎంత మెత్తగా ఉంటాడో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ కాలంలో ధనమే పాలకులను తయారుచేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుంచి హైదరాబాద్ వచ్చి, నిజాం సైన్యంలో జమేదార్లుగా పనిచేసి కూడబెట్టిన సంపదతో కుఐతీ వంశం వాళ్లు ముకల్లా రేవు రాజధానిగా ఒక సుల్తానేట్‌నే స్థాపించారు. అది 1967 దాకా సాగింది. నేడు హైదరాబాద్‌లోని బార్కస్‌లో కనిపించే హద్రమీ కుటుంబాల చరిత్ర ఆ సంబంధంలోదే.

చమురు ఈ లెక్కలన్నిటినీ తిరగేసింది. సౌదీలో 1938లో దమ్మామ్ ఏడో బావిలో వాణిజ్య స్థాయిలో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఎగుమతులు ఊపందుకున్నాయి. అంతకుముందే జపాన్ కృత్రిమ ముత్యాలు గల్ఫ్ వర్తకుల నడుం విరిచేశాయి. ఇప్పుడు డబ్బు విదేశీ కంపెనీ నుంచి నేరుగా పాలకుడి ఖాతాలో పడుతోంది. ఆయనకు వర్తకుడి పన్ను అక్కర్లేదు, కాబట్టి వర్తకుడి సలహా కూడా అక్కర్లేదు. 1938లో కువైట్ వర్తకులు పట్టుబట్టి ఒక శాసనమండలిని ఎన్నుకున్నారు. అది చమురు ఆదాయం మీద అజమాయిషీ కోరింది, ఆరు నెలలకే రద్దయింది.

అయితే చమురు డబ్బు పాలకుణ్ణి ఒంటరి నియంతను చేయలేదు. దాని మొదటి ఫలితం, పాలక కుటుంబాన్నే ప్రభుత్వంగా మార్చడం. పాత రోజుల్లో బంధువులంటే పాలకుడికి భయం, ఎందుకంటే గద్దెకు పోటీదారులు వాళ్లే. ఇప్పుడు వాళ్లకు పంచడానికి మంత్రిత్వ శాఖలు ఉన్నాయి. సౌదీలో సుల్తాన్ దాదాపు అరవయ్యో దశకం మొదటినుంచి 2011లో చనిపోయేదాకా రక్షణ శాఖలో ఉన్నారు. నాయెఫ్ 1975 నుంచి 2012 దాకా హోం శాఖను నడిపారు. జాతీయ గార్డు దళం అబ్దుల్లా చేతిలో ఉండేది. రియాద్ గవర్నరుగా సల్మాన్ సుమారు ఐదు దశాబ్దాలు గడిపారు. ఒక్కో అన్నదమ్ముడికి ఒక్కో కోట, కోటలో సొంత బడ్జెట్, సొంత ఆశ్రితులు, రెండు మూడు చోట్ల సొంత సాయుధ దళం. రాజు వీళ్లందరిలో మొదటివాడు మాత్రమే. ఈ ఏర్పాటు నత్తనడకన నడిచేది, అవినీతితో నిండి ఉండేది, ఒక నిర్ణయం కోసం ఏళ్లు పట్టేది. కానీ అందులో ఎవరూ మిగతావాళ్లను పూర్తిగా మింగలేరు. కొలువు తలుపు కూడా తెరిచే ఉండేది. 1975 మార్చి 25న రాజు ఫైసల్ అతిథులను కలుస్తుండగా సవతి తమ్ముడి కొడుకే దగ్గరికి వచ్చాడు. ముద్దు పెట్టుకోనివ్వడానికి రాజు తల వంచిన క్షణంలో అతను కాల్చి చంపాడు.

రెండో ఆధారం మతం. సౌదీ రాజ్యం తన పుట్టుకను చాలాకాలం 1744 నుంచి లెక్కించుకుంది. ఆ ఏడాది దిరియాలో మొహమ్మద్ బిన్ సౌద్ అనే స్థానిక పాలకుడు, మొహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్ అనే మత సంస్కర్త ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారని చెబుతారు: కత్తి నీది, బోధ నాది. దానివల్ల రాజుకు ధార్మిక అంగీకారం దక్కింది, ఉలేమాకు బడులూ న్యాయస్థానాలూ వీధుల్లో నీతి పహరా దక్కాయి. 1979 నవంబరులో సాయుధులు మక్కా మసీదును ఆక్రమించినప్పుడు, పవిత్ర స్థలంలో సైనిక బలం వాడటానికి రాజు ఖాలిద్‌కు ఉలేమా ఫత్వా అవసరమైంది. ఆ తర్వాతి ఏళ్లలో మత వ్యవస్థ పట్టు మరింత బిగిసింది. 1986లో రాజు ఫహద్ ‘ఘనత వహించిన రాజు’ అన్న పిలుపును వదిలి ‘రెండు పవిత్ర మసీదుల సేవకుడు’ అన్న బిరుదును స్వీకరించారు.

2015 జనవరిలో సల్మాన్ రాజు అయ్యేటప్పటికి వ్యవస్థాపకుడు అబ్దుల్ అజీజ్ కొడుకుల తరం చివరికి వచ్చేసింది. వందల మంది మనవలున్న కుటుంబంలో అన్నదమ్ముల వరస పద్ధతి ఇక సాగదు, ఏదో ఒక శాఖకు పగ్గాలు పోవలసిందే. కొత్త రాజు గద్దెనెక్కిన వారంలోపే పాత మండళ్లను చాలావరకు రద్దుచేసి, ఆర్థిక వ్యవహారాలన్నిటికీ ఒక మండలిని ఏర్పరిచి దాన్ని కొడుకు చేతికిచ్చారు. రక్షణ శాఖ కూడా కొడుక్కే. అదే ఏడాది ప్రభుత్వ పెట్టుబడి నిధి ఆ మండలి కిందికి వచ్చింది. 2017 జులైలో హోం శాఖ నుంచి గూఢచార, ఉగ్రవాద నిరోధక విభాగాలను వేరుచేసి నేరుగా రాజు కింద పెట్టారు. నవంబరు 4న అబ్దుల్లా కొడుకు మితెబ్‌ను జాతీయ గార్డు నుంచి తొలగించారు. దాంతో మూడు సాయుధ దళాలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. అదే రాత్రి రాకుమారులనూ మంత్రులనూ పెద్ద వ్యాపారులనూ రియాద్ రిట్జ్ కార్ల్టన్ హోటల్‌లో నిర్బంధించారు. అవినీతి సొమ్ము కింద 400 బిలియన్ రియాళ్లకు పైగా విలువైన ఆస్తులు రాబట్టామని 2018 జనవరిలో అటార్నీ జనరల్ ప్రకటించారు. నిర్బంధితులు ఇచ్చిపోయిన ఆస్తులకు బహిరంగ విచారణ గాని, తీర్పు గాని లేదు. అవినీతి నిజం, ప్రజల్లో దానిమీద కోపమూ నిజం. ఆ కోపాన్ని ఇంధనంగా చేసుకుని కోటలన్నిటినీ ఒక్క వారంలో కూల్చేశారు.

ఉలేమా విషయంలోనూ ఇదే జరిగింది. 2016 ఏప్రిల్‌లో నీతి పోలీసులకు అరెస్టు అధికారం తీసేశారు. సినిమా హాళ్లు తెరిచారు, సంగీత కచేరీలు మొదలయ్యాయి, 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడపవచ్చన్నారు. ఇవి లక్షల మంది జీవితాలను నిజంగా తేలికపరిచిన మార్పులు. రియాద్‌లో ఒక ఆడపిల్ల స్టీరింగ్ పట్టుకోవడాన్ని ప్రచార ఆర్భాటంగా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేను. కానీ అదే సంగతిలోని రెండో సగం కూడా చెప్పాలి. నిషేధం తొలగడానికి కొద్ది వారాల ముందు, 2018 మే నెలలో, ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన స్త్రీలను జైల్లో పెట్టారు. వాళ్లలో ఒకరైన లుజైన్ అల్ హత్లూల్ 2021 ఫిబ్రవరిలోగాని విడుదల కాలేదు. ఇందులో పరస్పర విరోధం ఉన్నట్టు పైకి అనిపిస్తుంది, లోపల మాత్రం ఒక స్థిరమైన సూత్రం ఉంది. మంచి ఏదైనా పైనుంచి దయగా రావాలే తప్ప, కిందినుంచి అడిగి సాధించుకున్న హక్కుగా నిలవకూడదు. నిషేధించిన మతపెద్దకూ, పోరాడిన మహిళకూ ఒకే సందేశం అందింది. పాశ్చాత్య పత్రికల్లో చాలాకాలం సాగిన ‘ఆయన సంస్కర్తా, నియంతా’ అన్న వాదులాట నిష్ఫలమైందని నేను భావించడానికి కారణం ఇదే. అక్కడ సంస్కరణ, కేంద్రీకరణ రెండు వేర్వేరు పనులు కావు. మతవ్యవస్థ పట్టు సడలించడానికి కావలసిన బలమూ, విమర్శకుడి నోరు మూయించే బలమూ ఒకే చోటినుంచి వచ్చాయి. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్ కాన్సులేట్‌లో జమాల్ ఖషోగీని సౌదీ అధికారులే చంపారు. ఆయన ఎక్కడో అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారు కాదు, ఒకప్పుడు రాజకుటుంబానికి దగ్గరగా మెలిగిన పత్రికారచయిత. పాత తీరులో అలాంటి మనిషికి మందలింపో, ఉద్యోగం ఊడటమో శిక్షగా ఉండేది.

మతం పక్కకు జరిగిన చోటును జాతీయత నింపుతోంది. 2022 నుంచి సౌదీలో ఫిబ్రవరి 22ను వ్యవస్థాపక దినంగా జరుపుతున్నారు. ఆ పండుగ రాజ్య ప్రారంభాన్ని 1744 నుంచి 1727కు, అంటే మొహమ్మద్ బిన్ సౌద్ దిరియా పాలకుడైన ఏడాదికి జరిపింది. పదిహేడేళ్ల తేడాయే, కానీ ఆ పదిహేడేళ్లలో అబ్దుల్ వహాబ్ లేడు. రాజ్యం ఇక ఒక బోధకుడూ ఒక యోధుడూ చేసుకున్న ఒప్పందం నుంచి పుట్టలేదు, ఒక వంశం నుంచి మాత్రమే పుట్టింది. చరిత్ర పుస్తకంలో ఒక తేదీని మార్చి, అధికారంలో భాగస్వామిగా ఉన్న వర్గాన్ని పుట్టుపూర్వోత్తరాల నుంచే తప్పించడం ఎంత లోతైన చర్యో ఆలోచించాలి.

ఎమిరేట్స్‌లో ఈ మార్పు కొంచెం ముందే, అంత గోల లేకుండా జరిగింది. షేక్ జాయెద్ 1966లో కుటుంబ పెద్దల సమ్మతితోనూ బ్రిటిష్ వారి అండతోనూ అన్న షఖ్‌బూత్ స్థానంలో అబుదాబి పాలకుడయ్యారు. చమురు డబ్బు ఖర్చుపెట్టడానికి అన్నకు చేయి రాకపోవడమే ఆ మార్పుకు ప్రధాన కారణం. 1971 డిసెంబరు 2న ఏర్పడిన సమాఖ్యకు ఆయనే తొలి అధ్యక్షుడు. మిగతా ఆరుగురు పాలకులను బుజ్జగిస్తూ, చర్చిస్తూ, అవసరమైన చోట డబ్బిస్తూ 2004 దాకా నడిపిన నాయకత్వం ఆయనది. కొడుకు మొహమ్మద్ బిన్ జాయెద్ సైన్యం నుంచి ఎదిగారు. తెరవెనక చాలాకాలం చక్రం తిప్పి 2022లో అధ్యక్షుడయ్యారు. 2011 మార్చిలో ఎన్నికైన శాసనమండలి కావాలని 133 మంది పౌరులు వినతిపత్రం ఇచ్చారు. పాత రోజుల్లో అది మజ్లిస్‌లో ఇచ్చిన అర్జీలాంటిదే. 2013లో 94 మంది మీద సామూహిక విచారణ జరిగి 69 మందికి శిక్షలు పడ్డాయి. మరుసటి ఏడాది యువకులకు నిర్బంధ సైనిక సేవ మొదలైంది. 2015 సెప్టెంబరు 4న యెమెన్‌లోని మారిబ్‌లో ఒక్క క్షిపణి దాడిలో 45 మంది ఎమిరాతీ సైనికులు చనిపోయారు. మృతవీరుల ఇళ్లకు షేకులు వెళ్లి కూర్చున్న దృశ్యాలు దేశమంతా చూసింది. రాజ్యం నుంచి ఇల్లూ ఉద్యోగమూ అందుకునే పౌరుణ్ణి, రాజ్యం కోసం ప్రాణమిచ్చే పౌరుడిగా మలచే ప్రయత్నం అది.

ఖతార్‌లో ఆ పని దిగ్బంధనం చేసిపెట్టింది. 2017 జూన్‌లో పొరుగు దేశాలు సరిహద్దులు మూసేసినప్పుడు యువ పాలకుడు అమీర్ తమీమ్ రేఖాచిత్రం గోడల మీదా కార్ల మీదా వెలిసి, దేశభక్తికి గుర్తుగా మారిపోయింది. 2021లో తొలిసారి షూరా మండలికి ఎన్నికలు జరిపిన ఆ దేశమే, తెగల మధ్య చిచ్చు రేగిందన్న కారణంతో 2024 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా ఆ ఎన్నికలను రద్దుచేసుకుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది కువైట్ కథ. 1962 రాజ్యాంగం కింద 50 మంది ఎన్నికైన సభ్యుల జాతీయ సభ, మంత్రులను నిలదీసే అధికారం, యువరాజు నియామకానికి సభ ఆమోదం: గల్ఫ్‌లో మరెక్కడా లేనివి ఇవి. ఇళ్లలో సాయంత్రాలు కొలువుతీరే దీవానియాలు ఎన్నికల ప్రచార కేంద్రాలుగా, సభ రద్దయిన రోజుల్లో నిరసన వేదికలుగా పనిచేశాయి. 1976 నుంచి 1981 దాకా, మళ్లీ 1986 నుంచి 1992 దాకా సభను మూసేసినా తిరిగి తెరవక తప్పలేదు. 2006 జనవరిలో అమీర్ జాబెర్ మరణించినప్పుడు ఆయన వారసుడు సాద్ ప్రమాణం కూడా చేయలేనంత అనారోగ్యంలో ఉంటే, కుటుంబం తేల్చుకోలేని చిక్కును జాతీయ సభ ఓటుతో తేల్చింది. ఒక అరబ్ పార్లమెంటు చట్టబద్ధంగా ఒక అమీర్‌ను తప్పించి మరొకరికి దారిచ్చిన అరుదైన ఘట్టం అది.

2024 మే 10న అమీర్ మిషల్ సభను రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను నాలుగేళ్లకు మించని కాలానికి నిలిపివేశారు. మూడు వారాల తర్వాత, సభ ఆమోదం అవసరం లేకుండానే, సబా ఖాలిద్‌ను యువరాజుగా నియమించారు. ఆ తర్వాత వేలాది మంది పౌరసత్వాలు రద్దయ్యాయి. సభ తప్పులు చిన్నవి కావు. ఏ మంత్రినీ కుదురుగా పని చేయనివ్వలేదు, బ్యాంకు అప్పులు మాఫీ చేయాలని పట్టుబట్టింది, పెద్ద ప్రాజెక్టులు ఏళ్లకేళ్లు ఆగాయి. దుబాయ్, దోహా, ఇప్పుడు రియాద్ ఎలా వెలిగిపోతున్నాయో చూడండి అన్న మాట కువైటీల నోటే వినిపించేది. పొరుగున ఉన్న ఆజ్ఞాపాలన విజయం, ఇంట్లో ఉన్న సలహాపాలనను అసమర్థంగా చూపించింది. అయితే ఆ ప్రతిష్టంభనలో సగం బాధ్యత కుటుంబానిదే. ప్రధానిని అమీరే నియమిస్తాడు, పాలక కుటుంబం నుంచే నియమిస్తాడు. ఎన్నికైన సభకు ప్రభుత్వాన్ని ఏర్పరిచే బాధ్యత ఎన్నడూ ఇవ్వకుండా, అడ్డుకునే అధికారం మాత్రమే ఇస్తే అది అడ్డుకోవడమే నేర్చుకుంటుంది.

చమురు లేని రెండు రాచరికాలు వేరే దారిలో నడిచాయి. మొరాకోలో రాజు ‘అమీర్ అల్ ముమినీన్’, అంటే విశ్వాసుల నాయకుడు. ఫ్రెంచివారు 1953లో మొహమ్మద్ ఐదో రాజును ప్రవాసం పంపినప్పుడు ఆయన ముఖం చంద్రుడిలో కనిపించిందని జనం చెప్పుకున్నారు. కొడుకు హసన్ 1971, 1972లలో రెండు సైనిక కుట్రల నుంచి ప్రాణాలతో బయటపడి, చీకటి జైళ్లతోనూ, 1975లో మూడున్నర లక్షల మందిని పశ్చిమ సహారా వైపు నడిపించిన హరిత యాత్రతోనూ పాలించారు. మనవడు ఆరో మొహమ్మద్ 1999లో వచ్చి, తండ్రి కాలపు అకృత్యాల మీద విచారణ సంఘం వేశారు, 2004లో కుటుంబ చట్టాన్ని సంస్కరించారు. 2011 ఫిబ్రవరి ఉద్యమానికి మూడు వారాల్లోపే ప్రసంగంతో బదులిచ్చి, జులైలో కొత్త రాజ్యాంగాన్ని ఓటుకు పెట్టారు. రాజు ‘పవిత్రుడు’ అన్న మాట అందులోంచి పోయింది. ఎన్నికల్లో మొదట నిలిచిన పార్టీ నుంచే ప్రధాని రావాలన్న నియమం వచ్చింది. మతం, సైన్యం, మంత్రిమండలి అధ్యక్షత మాత్రం రాజు దగ్గరే ఉండిపోయాయి. ఏటా సింహాసన దినం నాటి వేడుకలో అధికారులు వరసలుగా వంగి బైఅత్ ఇస్తూనే ఉన్నారు. ఇక్కడి నేర్పు వేరు. ఎన్నికైన ప్రభుత్వం ధరలకూ ఆస్పత్రులకూ తిట్లు తింటుంది, రాజు దానికి పైన నిలబడి దాన్నే మందలించే పెద్దగా కనిపిస్తాడు. జోర్డాన్‌లోనూ అంతే. 2018 జూన్‌లో ఆదాయపన్ను చట్టం మీద జనం వీధుల్లోకి వస్తే ప్రధాని రాజీనామాతో సద్దుమణిగింది. కానీ 2021 ఏప్రిల్‌లో రాజు సవతి తమ్ముడు హమ్జా మీద కుట్ర ఆరోపణలు వచ్చి గృహనిర్బంధంలో పెట్టినప్పుడు, తెగల కొలువులకు వెళ్లి వాళ్ల గోడు వినడం అన్న పాతకాలపు రాచధర్మమే మరొకరు చేస్తే ముప్పుగా కనబడుతుందని తేలిపోయింది.

ఈ కేంద్రీకరణ కిందిదాకా ఎలా పాకిందో తెలుగువాళ్లకు ఒక కోణంలో బాగా తెలుసు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లిన కార్మికుడి దృష్టిలో అధికారమంటే అమీర్ కాదు, కఫీల్, అంటే పూచీ ఉండి పనిలో పెట్టుకునే యజమాని. కఫాలా పద్ధతిలో రాజ్యం తన అధికారంలో ఒక ముక్కను ప్రతి పౌరుడికీ పంచి ఇచ్చింది. విదేశీయుడి అకామా (నివాస అనుమతి), ఉద్యోగ మార్పు, తిరుగు ప్రయాణం అన్నీ ఆ పౌరుడి ఇష్టం. పౌరుడికి రాజకీయ హక్కులు లేకపోయినా ఇంట్లో పనిచేసే మనిషి మీద చిన్న రాచరికం ఉండేది. ఖతార్ 2020లో, సౌదీ 2021 మార్చిలో ఉద్యోగం మారడానికి యజమాని అనుమతి అవసరాన్ని చాలావరకు తొలగించాయి. వేతనాలు బ్యాంకు ద్వారా, ఒప్పందాలు ప్రభుత్వ యాప్‌ల ద్వారా నడుస్తున్నాయి. కఫీల్ చేతిలోని పగ్గం ఇప్పుడు మంత్రిత్వ శాఖ సర్వర్‌లోకి చేరుతోంది. కార్మికుడికి ఇది నిజమైన ఊరటే. అయితే సౌదీ సంస్కరణ ఇంటిపనివాళ్లను బయటే వదిలేసింది, అంటే ఎవరికి అత్యవసరమో వాళ్లకే అందలేదు.

పౌరుడితో లెక్క కూడా మారుతోంది. 2011లో అరబ్ దేశాలు అట్టుడికినప్పుడు రాజు అబ్దుల్లా సుమారు 130 బిలియన్ డాలర్ల జీతాలూ ఇళ్లూ భత్యాలూ ప్రకటించారు. 2018 జనవరిలో సౌదీ, ఎమిరేట్స్ 5 శాతం వ్యాట్ మొదలుపెట్టాయి. సౌదీ దాన్ని 2020 జులైలో 15 శాతానికి పెంచింది. 2028 నుంచి ఏడాదికి 42,000 ఒమానీ రియాళ్లు దాటిన ఆదాయం మీద 5 శాతం పన్ను వేయడానికి ఒమన్ 2025లో చట్టం చేసింది. ముబారక్ కాలంలో పన్ను కట్టేవాడికి మాట ఉండేది, ఓడ ఉండేది. ఇప్పుడు కట్టేవాడికి ఇస్తున్నది పండుగలు, స్టేడియాలు, దేశం ముందుకు పోతోందన్న గర్వం. యువతలో ఆ గర్వం కృత్రిమం కాదు. అది ఎన్నాళ్లు మాటకు బదులుగా సరిపోతుందో చమురు ధర చాలావరకు తేలుస్తుంది.

వారసత్వంలో అన్నదమ్ముల వరస పోయి తండ్రి నుంచి కొడుక్కి పోయే వరస దాదాపు అంతటా వచ్చేసింది. ఒమన్‌లో ఖబూస్ 2020 జనవరిలో చనిపోయినప్పుడు, వారసుణ్ణి ఎంచుకునే అవకాశం ఉన్నా కుటుంబం ఆయన రాసి మూసిపెట్టిన కవరునే తెరిపించి హైతమ్‌ను అంగీకరించింది. ఏడాది తిరిగేసరికి కొత్త సుల్తాన్ రాజ్యాంగం మార్చి పెద్ద కొడుకే వారసుడన్నారు. అబుదాబిలో 2023 మార్చిలో మొహమ్మద్ బిన్ జాయెద్ తమ్ముళ్లను దాటి ఆయన కొడుకు ఖాలిద్ యువరాజయ్యారు. సౌదీలో మాత్రం ఒక విచిత్రమైన వాక్యం మిగిలి ఉంది. 2017 జూన్‌లో మొహమ్మద్ బిన్ సల్మాన్‌ను యువరాజును చేసిన రోజే, మిగతా కుటుంబాన్ని సమాధానపరచడానికి మౌలిక శాసనంలో ఒక సవరణ చేర్చారు. వ్యవస్థాపకుడి కొడుకుల తరం ముగిశాక రాజూ యువరాజూ ఇద్దరూ ఒకే శాఖ నుంచి ఉండకూడదని అది చెబుతుంది. అంటే రేపు ఆయన రాజయ్యాక తన కొడుకునో సొంత తమ్ముణ్ణో వారసుడిగా ప్రకటించలేరు, మరో శాఖలోని దాయాదికి ఆ చోటు ఇవ్వాలి. ఈ నియమాన్ని గుర్తుచేసి నిలబెట్టగల అన్నదమ్ములకు ఇప్పుడు దళాలు లేవు, ఫత్వా ఇవ్వగల ఉలేమాకు ఆ బలం లేదు, విధేయతా మండలి గట్టిగా అడ్డం చెప్పిన సందర్భం ఇంతవరకు బయటపడలేదు. ఆ వాక్యం శాసనంలో అలాగే ఉంది. దాన్ని తీసేయడానికి కావలసింది రాజు సంతకం.